తేనెనీళ్ళు అడిగే చోటు

మా షౌ ఊరికి కొంచెం ఇవతల, హ్వాయ్ నది గట్టు దిగే మలుపులో పాత సత్రం ఒకటుంది. సత్రం అంటే సత్రం కాదులే, గోడలెప్పుడో కూలాయి. అరుగు ఒక్కటే మిగిలింది. చీకటి పడ్డాక అక్కడ లారీ ఆపే మొనగాడు మా జిల్లాలో ఇంకా పుట్టలేదు.

అక్కడ ఒకడు తేనెనీళ్ళు అడుగుతాడు.

యువాన్ షు. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి మనిషి. చేతిలో సైన్యం ఉంది కదా అని మా ఊళ్ళో కూర్చుని, తనకు తానే చక్రవర్తినని చాటించుకున్నాడు. అంతఃపురంలో మాంసం మొహం మొత్తి పారేస్తుంటే, బయట జనం ఆకలికి పిట్టల్లా రాలిపోయారు. రెండేళ్ళు తిరిగేసరికి అందరూ వదిలేసి పోయారు. నడి ఎండాకాలంలో, దిక్కు లేక, ఈ సత్రంలో కూలబడి "కాసిని తేనెనీళ్ళు ఇవ్వండి" అన్నాడట. వంటవాడు తల దించుకుని, "తేనె లేదు దొరా, తవుడు ఒక్కటే మిగిలింది" అన్నాడట. ఆ మాటతో మంచం మీంచి కిందపడి, నెత్తురు కక్కుకుని పోయాడు.

ఆ సత్రం ఇదేనని మావాళ్ళంటారు. కాదు, మాదని పక్క జిల్లావాళ్ళు కొట్లాటకొస్తారు. ఏ సత్రమైతేనేం, వాడంటే నాకైతే జాలి లేదు.

కానీ ఆ గొంతు మాత్రం పోలేదు. రాత్రిపూట అటు పోతుంటే వినబడుతుందట. వినబడితే వంటవాడి మాటే అప్పజెప్పాలి... వెనక్కి చూడకుండా పోవాలి. లేదని ఒకసారి చెబితే వాడు రెండోసారి అడగడు. మా దగ్గర పిల్లలకి మాటలు రాగానే నేర్పేది ఇదే.

నేను టోఫూ, అదే సోయా పాల జున్ను, చేసి అమ్ముకునేదాన్ని. రాత్రి రెండింటికి లేచి సోయా గింజలు రుబ్బాలి. దెయ్యాలకి జడిస్తే నాకు పూట గడవదు. ఇప్పుడు చెప్పబోయే సంగతి మా ఊరి కుర్రాడు గెంగ్ తావ్ నా కొట్టు ముందు కూర్చుని చెప్పాడు. చివరి ముక్క మాత్రం నా కళ్ళతో చూశాను. చూడకపోయినా బాగుండేది.

తావ్‌దీ వాళ్ళ నాన్నదీ తేనెటీగల బతుకు. ఎక్కడ పూలు పూస్తే అక్కడికి పెట్టెలేసుకుని పోవడమే. ఆ పోవడం కూడా రాత్రిళ్ళే, ఈగలన్నీ గూటికి చేరాక. ముసలాయన నలభై ఏళ్ళు ఆ పని చేసి ఒక్క చుక్క తేనె నాలిక్కి తగలనివ్వలేదు. "అమ్ముకునేవాడు నాకడం మొదలెడితే ఇక అంతే" అనేవాడు. నేనొకసారి బలవంతం చేస్తే చెంచా విసిరికొట్టాడు. అంత మొండి.

ఆ జూన్‌లో, ఉత్తరాన రేగు పూల దగ్గర, ముసలాయనకి జ్వరం తగిలింది. రెండ్రోజులు నోట మాట లేదు. మూడోనాడు నోరు తెరిచి, "చస్తే మన ఊరి ఆసుపత్రిలోనే చస్తా" అని మళ్ళీ మూసుకున్నాడు.  తావ్ తొంభై పెట్టెలూ లారీకెక్కించి, పైన వల కట్టి, బయల్దేరాడు. తెల్లారేలోగా నాన్నని ప్రాణంతో ఆసుపత్రికి చేర్చాలి. ఇంకో ధ్యాస లేదు వాడికి.

ముందు కూర్చోబెడితే డీజిల్ వాసనకి ముసలాయనకి వాంతులు. అందుకని లారీ వెనక, పెట్టెల మధ్య కాస్త చోటు చేసి బొంత పరిచాడు.

"నాన్నా, ఏం కావాలన్నా పెట్టె మీద గట్టిగా కొట్టు. ఆపుతా."

ముసలాయన తలూపాడు.

సరిగ్గా సత్రం మలుపులో టైరు పేలింది.

చుట్టూ నరపురుగు లేదు. చంద్రుడు లేడు. తావ్ దిగి, గబగబా జాకీ పెట్టాడు. ఉక్కకి తొంభై పెట్టెలూ ఒక్కటే హోరు... ఆ హోరులో తన ఊపిరి తనకే వినబడలేదట. రెండు బోల్టులు ఊడదీశాడు. మూడోదానికి చెయ్యి వేశాడు—

"తేనె... నీళ్ళు..."

చెయ్యి ఆగిపోయింది.

ఎండిపోయిన గొంతు. సన్నగా... గట్టు మీంచా? అరుగు మీంచా? ఈగల హోరులో ఎటునుంచీ తెలియలేదు.

"కాసిని... తేనెనీళ్ళు... ఇవ్వవూ..."

వాడి సీటు కింద రేగు తేనె సీసా ఉంది. నిండుగా ఉంది. అది గుర్తొచ్చిందట వాడికి. తల ఎత్తలేదు. కళ్ళు మూసుకుని, చిన్నప్పుడు వాళ్ళ నాన్న నేర్పిన మాటే చెప్పాడు.

"తేనె లేదు. తవుడు ఒక్కటే మిగిలింది."

అంతే... గొంతు ఆగిపోయింది. మళ్ళీ రాలేదు.

పెద్దవాళ్ళ మాట పనిచేసిందని తావ్‌కి ప్రాణం లేచొచ్చింది. చెమటలు కారుతుండగా టైరు బిగించాడు. వెనక్కి చూడకూడదు కదా, లారీ వెనక్కి కూడా పోలేదు. పెట్టె మీద చప్పుడేమీ రాలేదు, నాన్న నిద్రపోతున్నాడనుకున్నాడు. ఎక్కడా ఆపకుండా నా కొట్టు దాకా వచ్చాడు.

అప్పుడప్పుడే తెల్లారుతోంది.

"పిన్నీ, వాడు అడిగాడు. నేను చెప్పా. నోరు మూసుకున్నాడు" అన్నాడు. నవ్వుతున్నాడు గానీ పళ్ళు టకటకలాడుతున్నాయి. జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"సంబడం. ముందు మీ నాన్న ఎలా ఉన్నాడో చూడరా" అని తిట్టి, గోరువెచ్చని నీళ్ళు పట్టుకుని లారీ వెనక్కి నడిచాను. వాడు వల ఎత్తాడు.

ముసలాయన కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదాలు పగిలి నల్లబడ్డాయి. చెయ్యి పక్క పెట్టె మీద ఆనించి ఉంది, వేళ్ళు ముడిచి... కొట్టే శక్తి లేనట్టుంది. రెండు చెంచాల నీళ్ళు పోశాను. గొంతు దిగాయి. అప్పుడు మెల్లగా కొడుకు వైపు చూశాడు. నవ్వాడు. నిజంగానే నవ్వాడు.

"తేనె లేదన్నావు... సరే" అన్నాడు. "ఆ తవుడైనా పెట్టలేదేంరా?"

 తావ్ ముందుకి పరిగెత్తి సీసా తెచ్చాడు. మూత తిప్పుతున్నాడు, తిప్పుతున్నాడు, రావట్లేదు. నేను లాక్కుని తీశాను. నీళ్ళలో కలిపి పెదాలకి పెట్టాను. గొంతు దిగలేదు, పెదవి చివర నుంచి చెవి పక్కకి కారిపోయింది. ఈగ ఒకటి వలలోంచి వచ్చి దాని మీద వాలింది.

ఆసుపత్రి నా కొట్టుకి రెండు మైళ్ళు కూడా లేదు.

ఇప్పుడు తావ్ ఏటా జూన్‌లో ఎవరూ ఆగని ఆ మలుపులో లారీ ఆపుతాడు. గిన్నెడు తేనెనీళ్ళు కలిపి అరుగు మీద పెట్టి, రాత్రంతా పక్కనే కూర్చుంటాడు. పొద్దున్నే కళ్ళు ఎర్రగా చేసుకుని నా దగ్గరికొస్తాడు. సోయా పాలు పోసిస్తూ తిడతాను. ఏం చెయ్యను, తిట్టడం ఒక్కటే వచ్చు నాకు.

"ఒక్కసారి అడిగితే చాలు పిన్నీ" అంటాడు.

ఎవరూ అడగరు.