చదువు మాన్పించిన బిడ్డ

టైలరమ్మకి కొలత తప్పడమన్నది లేదు. రేపటి డాక్టరేట్ వైవాకి వేసుకెళ్లాల్సిన కోటు బిగుతైందంటూ కూతురు పొద్దున్నే వచ్చింది. టేపు పెట్టి చూస్తే నడుం రెండున్నర అంగుళాలు పెరిగింది! భుజాలేమో ఎప్పటివే. ముప్ఫై ఏళ్లుగా ఇలాంటి నడుములు ఎన్ని కొలిచిందో ఆవిడ! మళ్లీ చూడాల్సిన పనే లేకపోయింది.

"ఎన్నో నెల?"

కూతురు కిటికీ వైపు తిరిగింది. "నాలుగు నిండాయి."

"నాలుగా! అల్లుడికి తెలుసు, వాళ్లమ్మకీ తెలిసే ఉంటుంది. కన్నదాన్ని నేనే పరాయిదాన్నయ్యానన్నమాట!"

"వైవా అయ్యాక చెబుదామనుకున్నాను. పొద్దున్నే మొదలుపెట్టకమ్మా."

"పెడతాను! ముప్ఫై అయిదేళ్లకా తొలి కాన్పు? ఇంకో డిగ్రీ, ఇంకో డిగ్రీ అంటూ ఇన్నాళ్లూ లాగావు. నీ వయసులో నాకు కాలేజీకి వెళ్లే కూతురుంది, తెలుసా?"

"తెలుసు. పదిహేడేళ్లకే నన్ను కన్నావు. నీ చదువు నేను మింగేశాను. ఈ గుమ్మం తొక్కిన ప్రతి మనిషికీ చెప్పావుగా!"

అలా చెప్పుకుంటూ వచ్చిన సంగతి నిజమే. బొత్తాం కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లకి కూడా, "ఇది కడుపులో పడబట్టి బడి మానేశాను, లేకపోతే ఈపాటికి నర్సునయ్యేదాన్ని" అనేది. పక్కనే హోంవర్కు చేసుకుంటున్న పిల్లకీ చెవులుంటాయని ఆ మహాతల్లికి తోచనే లేదు.

"నువ్వు బాగా చదువుకోవాలనే అన్నాను."

"చదివానుగా! నా బిడ్డని 'నీ వల్లే పోయింది' అనడానికి ఏమీ మిగలకూడదని చదువుతూనే ఉన్నాను. పిల్లలంటే ఇష్టంలేక కాదు, నీలా అవుతానని భయమేసి." కళ్లలో కోపం తగ్గలేదు. "కాన్పుకి ఇక్కడికి రాను. నా బిడ్డ ఈ గదిలో కూర్చుని ఆ మాటలు వినక్కర్లేదు."

సంచి అందుకుని లేచింది. టైలరమ్మ గుమ్మానికి అడ్డం పడింది.

"జరుగు."

"జరగను. ఇది విని వెళ్లు. నువ్వు కడుపులో పడేసరికే నేను బడి మానేసి ఏడాది. లెక్కల్లో రెండుసార్లు తప్పాను. మూడోసారి సిగ్గేసి వెళ్లలేదు. ఇంట్లో ఖాళీగా ఉందని పెళ్లి చేశారు. నువ్వు ఆ తర్వాతే వచ్చావు. తప్పానని చెప్పుకోలేక... నీ మీదికి నెట్టేశాను."

కూతురు సంచిని గుండెకి హత్తుకుంది. మెల్లగా అంది. "నేను పుట్టకుండా ఉంటే నువ్వు బాగుండేదానివని ఎన్నిసార్లు అనుకున్నానో తెలుసా అమ్మా? అప్పటికి ఏడేళ్ల పిల్లని!"

టైలరమ్మ ఉన్నచోటే కూలబడి, మొహం చేతుల్లో దాచుకుని భోరుమంది. కూతురు వెంటనే దగ్గరికి వెళ్లలేదు. వెళ్లాలనిపించలేదు కూడా. చివరికి సంచి కింద పెట్టి, గోడ పట్టుకుని ఆవిడ పక్కన చతికిలబడింది.

"లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయి?"

"తొమ్మిది."

"వందకా?"

"వందకే," అంది తల్లి వెక్కుతూ.

కూతురికి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. తాను ఎవరి చదువూ చెడగొట్టలేదు. ఆ సంగతి తెలియడానికి ముప్ఫై అయిదేళ్లు పట్టింది.