ఎర్రకార్డు, రెండో కాజా

"మీకు బ్యాంకు అకౌంటు ఉందాండి?" అని అడిగాడు గణేష్‌బాబు.

"ఉందండి. అందుకే ఈ కార్డు కావాలి" అంది ఆ అమ్మాయి.

మండపేట రత్నా బజార్లో కార్డుల కౌంటరు దగ్గర కూర్చున్న రెండేళ్లలో గణేష్‌బాబుకి ఇలాంటి జవాబు ఎదురుకాలేదు. బజారు వాళ్లిచ్చే ఆ ఎర్రకార్డు బ్యాంకు గొడవ పడలేనివాళ్ల కోసం. కౌంటర్లో డబ్బు కట్టి కార్డులో వేయించుకోవాలి. బజార్లోనో, బయట కొట్లలోనో గీకించుకోవాలి. అయిపోతే మళ్లీ వచ్చి నింపించుకోవాలి. అకౌంటు ఉన్నవాళ్లెవరూ దాని మొహం చూడరు.

"అకౌంటు ఉండగా ఇదెందుకండి?"

"మీరు కార్డులు అమ్ముతారా, కారణాలు కొంటారా?"

పక్క బిల్లింగ్ కౌంటర్లో సువార్తమ్మగారు కిసుక్కున నవ్వింది. గణేష్‌బాబు బుద్ధిగా ఫారం తీశాడు. పేరు శ్రీదుర్గ. జాకెట్లకి మగ్గం వర్కు చేస్తుంది. ఊరు తాపేశ్వరం అవతల. అంతవరకూ చకచకా చెప్పింది. ఫోన్ నంబరు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది.

"నంబరు ఇవ్వకపోతే కుదరదాండి?"

"కుదరదండి. గీకించిన ప్రతిసారీ మెసేజ్ వెళ్తుంది."

"ఆ మెసేజీల బాధ పడలేకే కదండీ ఇక్కడికొచ్చింది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్నగారి నంబరుతో తీశారు ఆ అకౌంటు. ఇరవై రూపాయలు కదిలినా ఆయన ఫోను మోగుతుంది. 'దుర్గమ్మా, ఫ్యాన్సీ షాపులో నూట నలభై ఏంటమ్మా?' అని అరుగు మీంచే అడుగుతారు. ఎదురింటివాళ్లు కూడా 'ఏంటమ్మా' అంటారు."

"పోనీ మీ నంబరు ఇవ్వండి."

"నా ఫోను టీవీ బల్ల మీద ఉంటుందండి. మోగితే ఎవరు ముందు చూస్తే వాళ్లు పైకి చదువుతారు. మీరే ఏదో ఒక నంబరు పెట్టేయండి బాబూ."

బయట వాన పట్టేలా ఉంది. ఆమెకి బస్సు టైమైంది. గణేష్‌బాబు తన నంబరు కొట్టేసి, తర్వాత మారుద్దాంలే అనుకున్నాడు. మన తెలుగువాళ్ల 'తర్వాత' సంగతి తెలిసిందే.

రెండో రోజు అతని ఫోను మోగింది. పూసల కొట్టు, రెండు వందల పది. మర్నాడు జరీదారం. ఆ మర్నాడు తాపేశ్వరంలో కాజా కొట్టు, నలభై. మూడు రోజులు పోయాక మళ్లీ కాజా కొట్టు.

మొదటి మెసేజ్‌కే చెప్పేసి ఉంటే ఈ కథ లేదు. డబ్బు నింపించుకోవడానికి ఆమె వచ్చినప్పుడల్లా చెబుదామనే అనుకున్నాడు. ఆమె "ఏవండీ, కారణాలు దొరికాయా?" అనేది. ఇతనికి నోట్లో మాట నోట్లోనే ఉండిపోయేది. పోనుపోను ఆ మెసేజీల కోసం ఎదురుచూడటం అలవాటైపోయింది. పూసలు కొంటే పని దొరికిందని సంతోషించేవాడు. వారమంతా ఏమీ కొనకపోతే ఒంట్లో బాగాలేదేమోనని అన్నం సయించేది కాదు. ఇది తప్పని అతనికి తెలుసు. తెలిసి కూడా మూడు నెలలు గడిపేశాడు.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం, జోరువానలో, గొడుగు దులుపుకుంటూ వచ్చింది శ్రీదుర్గ. ఎడమ బుగ్గ మీద చెయ్యి వేసుకుని ఉంది.

"పన్ను నొప్పాండి?" అన్నాడు.

"రాత్రి నుంచీ ప్రాణం తోడేస్తోందండి."

"వారానికి రెండుసార్లు కాజాలు తింటే పన్ను మాత్రం ఎలా ఊరుకుంటుందండీ?"

అనేసి నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆమె చెయ్యి బుగ్గ మీంచి దిగిపోయింది.

"నేను కాజాలు తింటానని మీకెవరు చెప్పారు?"

"ఊరికే... అన్నానండి."

"ఊరికే వారానికి రెండుసార్లు అని లెక్క ఎలా వచ్చిందండి? మా నాన్నగారికి షుగరొచ్చిన దగ్గర్నుంచీ మా ఇంట్లో అందరికీ షుగరే. అందుకని కొట్టు ముందే నిలబడి తిని, మూతి తుడుచుకుని బస్సెక్కుతాను. మా అమ్మక్కూడా తెలీదు. మీకెలా తెలుసు?"

అబద్ధం ఆడటానికి అవకాశం ఉంది గానీ అతనికి మనసొప్పలేదు. ఫోను తీసి కౌంటరు మీద ఆమెవైపు తిప్పి పెట్టాడు. పూసలు, దారాలు, కాజాలు, మూడు నెలల శ్రీదుర్గ అందులో వరసగా ఉంది. ఆమె వేలితో పైకి జరుపుతూ చివరిదాకా చదివింది.

"ఏదో ఒక నంబరంటే మీదనుకోలేదండి" అంది నెమ్మదిగా. "మా నాన్నగారే నయం. చదివితే ఊరంతా వినేలా అరుస్తారు, చదివారని నాకు తెలుస్తుంది. మీరు చప్పుడు చేయకుండా చదివారు."

గణేష్‌బాబుకి తల ఎత్తబుద్ధి కాలేదు. "తప్పేనండి" అన్నాడు.

"నంబరు మార్చే ఫారం ఉందా?"

ఉంది. ఆమె తన నంబరు తనే రాసి, సంతకం పెట్టి, అతను ఎక్కిస్తానన్నా వినకుండా సువార్తమ్మగారి చేత కంప్యూటర్లో ఎక్కించుకుని వానలోకి వెళ్లిపోయింది. కాసేపటికి గణేష్‌బాబు ఫోనుకి ఆఖరి మెసేజ్ వచ్చింది. ఇకపై ఈ కార్డు వివరాలు మీకు అందవు, అని.

తర్వాత మూడు వారాలూ అతని ఫోనుకి లోన్లిస్తామనేవాళ్లు తప్ప దిక్కులేదు.

"అలా ఫోనుకేసి చూస్తా కూర్చుంటే కాజాలు రావయ్యా" అంది సువార్తమ్మగారు. "కావాలంటే ఎదురెళ్లి అడుక్కోవాలి."

ఆ రోజంతా ఆలోచించి, గణేష్‌బాబు ఒక ఫారం నింపి సొరుగులో పెట్టుకున్నాడు.

నాలుగో వారం శ్రీదుర్గ వచ్చింది. డబ్బు కౌంటరు మీద పెట్టి, అతని వెనకున్న గోడకి చెబుతున్నట్టు, "నింపండి" అంది. నింపాడు. రసీదుతోపాటు ఆ ఫారం కూడా ముందుకు జరిపాడు.

"ఏంటిది?"

"ఎర్రకార్డేనండి. నా పేరు మీద. నా జీతం ఇందులో వేసుకుంటాను. నా ఫోన్ నంబరు పేరు పక్కన రాశాను, మెసేజీలు వెళ్లే నంబరు గడి మాత్రం ఖాళీగా ఉంచాను. మీకిష్టమైతే మీ నంబరు రాయండి. మూడు నెలలు నేను చదివాను కదండీ, మూడు నెలలు మీరు చదవండి. చెల్లుకు చెల్లు."

"మీరు కొనేవి చదివి నేనేం చేసుకోనండి?"

"నవ్వుకోండి, తిట్టుకోండి." గణేష్‌బాబు దాచుకున్నదంతా చెప్పేశాడు. "మీ మెసేజ్ రాని రోజు నాకేం తోచదండి. మీరంటే నాకిష్టం. అది దొంగచాటుగా కాకుండా, మీకు తెలిసేలా ఇష్టపడదామని."

శ్రీదుర్గ ఫారం మీది గడులన్నీ తీరిగ్గా చదివింది. పక్కన బిల్లింగ్ యంత్రం ఆగిపోయింది. సువార్తమ్మగారు కందిపప్పు ప్యాకెట్టు చేత్తో పట్టుకుని అలాగే చూస్తోంది.

"ఇప్పుడు నా ఫోనుకి తాళం పెట్టుకున్నానండి" అంది శ్రీదుర్గ. "టీవీ బల్ల మీదే ఉంటుంది గానీ ఎవరికీ తెరుచుకోదు. మీరు అటు తిరగండి."

తిరిగాడు. గోడ మీద ఉప్పు తగ్గింపు ధర పోస్టరు తప్ప ఏమీ లేదు. దాన్నే చూస్తూ నిలబడ్డాడు. వెనకాల సువార్తమ్మగారి వేళ్లు కంప్యూటరు మీద టకటకమన్నాయి. శ్రీదుర్గ ఫోను ఒకసారి మోగింది.

అతను ఇటు తిరిగేసరికి ఆమె లేదు. కౌంటరు మీద కొత్త ఎర్రకార్డు ఉంది.

సాయంత్రం డ్యూటీ దిగగానే కార్డులో కొంత డబ్బు వేయించుకుని, బండి తీసుకుని తాపేశ్వరం వెళ్లాడు. సన్నగా చినుకులు పడుతున్నాయి. కాజా కొట్టు చూరు కింద నిలబడి, మొట్టమొదటిసారి ఆ కార్డు గీకించి, ఎనభై రూపాయలకి రెండు కాజాలు తీసుకున్నాడు.

పొట్లం విప్పకముందే తెలియని నంబరు నుంచి మెసేజ్ వచ్చింది.

"రెండెందుకండీ?"

చేతికి పాకం అంటకుండా ఒక వేలితో కొట్టాడు. "రెండోది మీకండి. పన్ను నొప్పి తగ్గిందా?"

జవాబు చాలాసేపు రాలేదు. చినుకులు పెద్దవయ్యాయి. అరుగు మీంచి వాళ్ల నాన్నగారు ఏమైనా అడిగారేమో, ఎదురింటివాళ్లు కూడా అడిగారేమో అని భయపడుతుండగా ఫోను మోగింది.

"తగ్గింది. తినేయకండి. బస్సెక్కాను."