గోడ మీద జగ్గమ్మ

ఉపేంద్ర వాళ్ళింట్లో ఆరుగురు పోయారని పక్కింటి తాయారు చెప్పిందట. పాలకేంద్రం దగ్గర పద్మకుమారితో చెప్పింది. పద్మకుమారి తిన్నగా ఉపేంద్ర తల్లి జగదీశ్వరి దగ్గరకే వచ్చి, "అప్పా, తాయారు ఇలగంతన్నాది, నానయితే నమ్మనేదు" అని మొదలుపెట్టి, నమ్మినవాళ్ళకంటే వివరంగా చెప్పింది.

తాయారు లెక్క ఇదీ. ముందుగది గోడకి ఆరు ఫోటోలున్నాయి. ఆరింటికీ దండలున్నాయి. ఒకటి ఇంటాయన వేంకటాచలానిది. ఆయన పోయి నాలుగేళ్ళయిందని గరివిడిలో అందరికీ తెలుసు. మిగతా అయిదూ ఒకే సైజు, ఒకే రంగు ఫ్రేములు. అంటే అయిదుగురూ ఒకేసారి పోయుంటారు. ఒకేసారి పోయారంటే ఏదో అంటుజబ్బు. ఇంట్లోవాళ్ళు బయటికి చెప్పుకోవడం లేదు.

నిజానికి ఈ లెక్క తాయారు సొంతం కూడా కాదు. ఉపేంద్రని చూసుకోవడానికి గజపతినగరం నుంచి వచ్చిన పెళ్ళికూతురి మేనమామ హరిబాబుది. ఆయన సోఫాలో కూర్చుని, జంతికలు నములుతూ ఫోటోలు లెక్కపెట్టి, రెండో జంతిక సగంలో ప్లేటులో పెట్టేసి లేచాడు.

"పిల్ల ఇంకా చదువుకోవాలండి" అన్నాడు.

పిల్ల ఎమ్మెస్సీ అయిపోయి రెండేళ్ళయింది.

చిత్రమేమిటంటే ఆ అయిదుగురిలో ఒక్కరూ పోలేదు. ఒక్కరూ ఉపేంద్రకి చుట్టాలు కారు. వాళ్ళని అతను కొన్నాడు.

ఉపేంద్ర ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర షిఫ్ట్ ఇంజినీరు. నల్లద్దంలోంచి కరిగిన లోహాన్ని చూడ్డం అతని ఉద్యోగం. తోటివాళ్ళందరూ హెల్మెట్లలో, మాస్కుల్లో ఉంటారు. ఫలానా మనిషి అని నడకని బట్టి పోల్చుకోవాలి. మూడేళ్ళ కిందట విజయనగరంలో వానకి తలదాచుకుందామని ఒక హాల్లోకి దూరాడు. లోపల ఫోటోల ఎగ్జిబిషన్ జరుగుతోంది. ఎదురుగా నలుపు తెలుపుల్లో ఒక ముసలావిడ మొహం. ముక్కుకి రెండువైపులా పుడకలు, మధ్యలో బులాకీ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ చుట్ట కాలుస్తోంది. ఒక బుగ్గ ఉబ్బి ఉంది. కళ్ళు మాత్రం "ఏట్రా, ఎప్పుడూ మనిసిని సూడనేదా?" అన్నట్టున్నాయి.

అతను నిజంగానే చూసి చాలా రోజులైంది.

వాన వెలిసింది. అతను కదల్లేదు. హాలాయన వచ్చి, "సార్, మూసేస్తన్నాం" అన్నాడు. ఉపేంద్ర ధర అడిగాడు. విన్నాక, పాత మోటార్ సైకిల్ ఇంకో నాలుగేళ్ళు బాగానే నడుస్తుందని అతనికి తోచింది.

"ఎవులు బాబూ ఈవిడ?" అంది జగదీశ్వరి, ఫ్రేము గోడెక్కుతుంటే.

"తెలీదమ్మా."

"తెలీనావిణ్ణి ఎందుకు తెచ్చినావు?"

"బావుందని."

"బావుండాలంటే సీనరీ తెస్తారు గానీ, ముసలమ్మనేటి?"

ఆ తరవాత ఇంకో నలుగురొచ్చారు. కళింగపట్నం పడవవాడు. బుగ్గలు పూరించిన సన్నాయి మేళగాడు. జుట్టునిండా జనపనార పీచుతో మిల్లులో పనిచేసే ఆవిడ. బడి గంట కొట్టే తాత. అందరినీ తీసింది ఒకమ్మాయే. పేరు విశాలి, ఊరు నరసన్నపేట. ఒక్కో ఫోటోకి మూడే ప్రింట్లు వేస్తుంది. కింద పెన్సిల్‌తో నంబరు వేసి సంతకం పెడుతుంది. నాలుగోది కలెక్టరు అడిగినా ఇవ్వదు.

ప్రింటుతోపాటు ఒక కాగితం వస్తుంది. ఎండ తగలకూడదు, తడిగుడ్డ పెట్టకూడదు, పొగ సోకకూడదు. తప్పితే డబ్బు తిరిగిచ్చి అన్నీ పట్టుకుపోతుంది, మళ్ళీ అమ్మదు. ఉపేంద్ర అయిదు కాగితాల మీదా సంతకం పెట్టాడు. మనిషిని చూడలేదు. ఆర్నెల్లకోసారి ఫోను మాత్రం వచ్చేది.

"ఎండ పడుతోందాండీ?"

"లేదండి. ఉత్తరం గోడ."

"చెమ్మ?"

"లేదండి."

"మీరు చూస్తుంటారా, వచ్చినవాళ్ళకి చూపించడానికేనా?"

"వచ్చినవాళ్ళు ఎక్కువసేపు కూర్చోవడం లేదండి."

అవతల నవ్వు వినిపించింది. ఉపేంద్ర నిజమే చెప్పాడు గాని, నవ్వు బావుండటంతో సరిదిద్దలేదు.

ఆర్నెల్లకోసారి వచ్చే ఫోను నెలకోసారైంది. తరవాత ప్రతి ఆదివారం అయింది. ఉత్తరం గోడ మీద వారంలో ఎండ ఎటూ మారదని ఇద్దరికీ తెలుసు.

గొడవంతా వేంకటాచలం తద్దినం రోజున మొదలైంది. మొగుడి ఫోటోకి దండ వేసి వెనక్కి తిరిగిన జగదీశ్వరి, పక్కన వరసలో ఉన్న అయిదుగురినీ చూసి ఆగిపోయింది.

"పంక్తిలో ఆరుగుర్ని కూకోబెట్టి ఒకలికే వడ్డిస్తామేటి? బావుండదు" అంది.

ఆరోజునుంచి ఆరు దండలు, ఆరు అగరొత్తులు. చుట్ట ముసలావిడ ముందు రోజూ ఒక గ్లాసు కాఫీ అదనం.

"అమ్మా, వాళ్ళు బతికున్నారే!"

"ఉంటే ఉండనీ. గోడెక్కినాక మన పెద్దోలే."

అతను తీసేస్తే ఆవిడ మళ్ళీ వేసేది. విశాలి గోడ ఫోటో పంపమన్నప్పుడల్లా ఉపేంద్ర దండలు తీసి, ఫోటో తీసి, తల్లి స్నానం ముగిసేలోపు మళ్ళీ వేసేవాడు. ఏ దండ ఎవరిదో తేడా రాకుండా వేసేవాడు.

అలా ఉండగా ఒక ఆదివారం విశాలి, "మీ ప్రింట్ పదిరోజులు ఇస్తారా? విజయనగరంలో ఎగ్జిబిషన్. ఢిల్లీ ఆయనా, హైదరాబాద్ ఆయనా ఇవ్వనన్నారు" అంది.

"ఏ ప్రింటండీ?"

"మామ్మది. పై ఆదివారం నేనే వచ్చి తీసుకెళ్తా. మామ్మ కూడా వస్తానంటోంది. ఎవరింట్లో ఉందో చూస్తుందట."

"ఏ మామ్మండీ?"

"ఫోటోలో మామ్మ. జగ్గమ్మ. మా నాయనమ్మేనండి."

ఉపేంద్ర కూర్చున్నాడు. విశాలి గాని దండలు చూస్తే అయిదు ఫోటోలూ పోతాయి. ఫోటోలతోపాటు ఆదివారాలూ పోతాయి. రెండింటిలో ఏది ఎక్కువ బాధో తేల్చుకోవడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు.

శనివారం తల్లిని బతిమాలి దండలన్నీ తీయించాడు. ఫోటోలు తీసినమ్మాయి, వాళ్ళ నాయనమ్మ వస్తున్నారని చెప్పాడు. నాయనమ్మ ఏ నాయనమ్మో చెబితే తల్లికి నిద్ర పట్టదని ఆ ముక్క దాచాడు. ఆదివారం పొద్దున్నే బస్సు దగ్గరికి వెళ్ళాడు.

విశాలి దిగింది. గొంతుకంటే కొంచెం పొడుగ్గా ఉందనిపించింది ఉపేంద్రకి. భుజాన కెమెరా సంచి. ఆమె అతని మొహాన్ని, ఏ పక్కనుంచి వెలుతురు పడితే బావుంటుందో చూస్తున్నట్టు చూసింది. అతను ఎటు తిరగాలో తెలీక ఆటోవైపు తిరిగాడు.

వెనకాల జగ్గమ్మ దిగి, "ఈడేనా నన్ను కొన్నోడు?" అంది.

ఇంటి గుమ్మం ఎక్కగానే ఉపేంద్రకి చామంతుల వాసన వచ్చింది. ఆరు దండలు, ఒక్కోటీ చెయ్యంత లావు. అద్దాల మీద గంధం, కుంకుమ. ముందు దీపం. అగరొత్తులు కట్టలు కట్టలుగా పొగలు కక్కుతున్నాయి.

"ఇంటికి మనుసులొస్తంటే పెద్దోల్ని బోసిగా ఉంచుతామేటి?" అంటూ బయటికొచ్చిన జగదీశ్వరి, జగ్గమ్మని చూసింది. గోడని చూసింది. మళ్ళీ జగ్గమ్మని చూసింది.

"కాళ్ళు కడుక్కోండమ్మా" అంది. చెంబు సగం ఒలికిపోయింది. "మీకు అక్కసెల్లెళ్ళు ఎవులైనా..."

"నేరు."

"కవలలు?"

"నేనొక్కర్తినే. మా యమ్మకి నేనే ఎక్కువైపోనాను" అంది జగ్గమ్మ. గోడ దగ్గరకెళ్ళి తన ఫోటోని కిందనుంచి పైదాకా చూసుకుంది. గ్లాసులో వేలు పెట్టి చూసింది. "కాఫీ సల్లారిపోనాది. రోజూ పెడతన్నారేటి?"

"రోజూనండి."

"సుట్ట?"

"ఇంట్లో కాల్చేవోలు నేరండి."

"అదీ సంగతి" అంది జగ్గమ్మ. ఇన్నాళ్ళూ ఏదో తక్కువవుతోందని అనుకున్నట్టు తలూపింది.

విశాలి దండ తీసి, ఫ్రేము దించి, కిటికీ దగ్గర పెట్టి చూసింది. పొగ లోపలికి దూరి, ప్రింటు చుట్టూ ఉన్న తెల్ల అట్ట అంచులు టీ రంగుకి తిరిగాయి.

"ఎవరు వేశారు దండలు?"

"నేనేనండి" అన్నాడు ఉపేంద్ర.

"చేతులు చూపించండి."

చూపించాడు. నిప్పురవ్వలు పడి కాలిన మచ్చలు, బండబారిన వేళ్ళు. విశాలి ఒక చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. తనిఖీకి అంతసేపు అక్కర్లేదు.

"ఈ వేళ్ళతో చామంతులు కట్టడమా? అబద్ధమెందుకు?"

"కట్టింది అమ్మ. కాగితం మీద సంతకం నాదండి."

ఆమె చెయ్యి వదిలింది. "పంపిన ఫోటోల్లో దండలు లేవు."

"తీసి పంపించానండి."

"తరవాత?"

"మళ్ళీ వేశాను."

"బుద్ధిమంతులు" అంది విశాలి. రెండో ఫ్రేము కూడా దించింది. మూడోది దించింది. నాలుగు. అయిదు. గోడ మీద వేంకటాచలం ఒక్కడే మిగిలాడు. "అయిదూ తీసుకెళ్తున్నా. డబ్బు రేపు పంపిస్తా."

ఉపేంద్ర ఖాళీ మేకులవైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు జగదీశ్వరి, "అమ్మా, నాలుగూ పట్టుకుపో. ఆవిణ్ణి ఉంచీ" అంది.

"ఎందుకండీ?"

"ఈడు షిఫ్టుకి పోతాడు. ఇంట్లో ఇంకెవులున్నారు? ఈయనతో సెప్పుకుందునా, బతికున్నప్పుడే ఇనేవోడు కాదు. ఆవిడతోనే సెప్పుకుంటాను. అడ్డు సెప్పదు. మద్దిలో లేచి ఎల్లిపోదు."

జగ్గమ్మ ఇటు తిరిగింది. "ఇన్నాళ్ళూ నాకు సెప్పినావా?"

"అవునండి."

"నాకేటీ అందనేదు. కూకో. మొదట్నుంచి సెప్పు."

జగదీశ్వరి మొదట్నుంచి చెప్పింది. మొగుడి మూర్ఖత్వం, మోకాలి నొప్పి, కొడుక్కి ముప్పైయొకటి, హరిబాబు వదిలేసిన జంతిక. జగ్గమ్మ ఫోటోలాగే కూర్చుని విన్నది. రెండో గంటకి ఇద్దరికీ పాలకొండ వైపు ఒక చుట్టరికం తేలింది. వరస కూడా కలిసింది. ఇద్దరూ ఒకేసారి పిల్లలవైపు చూసి, ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

విశాలి మామ్మ ఫ్రేము పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

"హైదరాబాద్ ఆయన ఈ ఫోటో ఎందుకు కొన్నాడో తెలుసా? సోఫా రంగుకి నప్పిందట" అంది నెమ్మదిగా, ఉపేంద్ర ఒక్కడికే వినబడేలా. "ఒక్కరోజైనా ఆయన దీనివైపు తిరిగి మాటాడి ఉంటాడా?"

"అనుకోనండి."

"మీరు?"

"డ్యూటీ నుంచి వచ్చి గుడ్మార్నింగ్ చెప్తానండి. రాత్రి డ్యూటీ అయితే."

ఆమె నాలుగు ఫ్రేములు మళ్ళీ మేకులకి తగిలించింది. జగ్గమ్మది మాత్రం గుడ్డలో చుట్టింది.

"ఎగ్జిబిషన్ అయ్యాక తెచ్చిస్తా. అన్నిటికీ అద్దాలు, అట్టలు మార్చాలి. ఒక్కో ఆదివారం ఒక్కోటి."

అద్దం మార్చడం పది నిమిషాల పని. అయిదూ కలిపి ఒక పూట చాలు. ఉపేంద్ర ఇంజినీరు గనక ఆ సంగతి అతనికి ఖచ్చితంగా తెలుసు.

"అంతకంటే తొందరగా అవదండి" అన్నాడు.

ఎగ్జిబిషన్ అయిపోయింది. ఆదివారాలు వచ్చాయి. విశాలి నేల మీద గుడ్డ పరుచుకుని, తెల్ల గ్లౌజులు తొడుక్కుని పని చేసేది. ఉపేంద్ర మేకులు అందించేవాడు. అడక్కముందే అందించేవాడు.

"ఇన్ని మేకులెందుకండీ? ఇల్లు కడుతున్నామా?"

"కట్టొచ్చండి" అన్నాడు. విశాలి తల ఎత్తలేదు గాని, ఆపూట ఒక స్క్రూ రెండుసార్లు బిగించింది.

జగదీశ్వరి దండలు తగ్గించి, ఊపిరున్నవాళ్ళకి పువ్వు ఒకటే అని రాజీకొచ్చింది. జగ్గమ్మ ప్రతి ఆదివారం మనవరాలి వెంట వచ్చి, అరుగు మీద కూర్చుని కాఫీ వేడివేడిగా తాగి అడ్డపొగ కాల్చేది.

అయిదో ఆదివారం వాన పట్టుకుంది. ఆఖరి ఫ్రేముకి అద్దం బిగించడం అయిపోయింది. సామాను సంచిలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ రావడానికి ఆ ఇంట్లో మార్చాల్సిన అద్దమంటూ మిగల్లేదు. ఉపేంద్ర తన మోటార్ సైకిల్ అద్దం గురించి కూడా ఆలోచించాడు.

"ఇంకొకటి కొంటానండి" అన్నాడు.

"ఏది?"

"మీది. మీ మొహం."

విశాలి సంచి జిప్పు సగంలో ఆపింది. "నన్ను నేనెప్పుడూ తీసుకోలేదు."

"తీసుకోండి. ఒక్క ప్రింటు చాలు."

"ఒక్కటే అయితే దానికి ధర కట్టలేను. ధర కట్టలేనిది అమ్మను."

"అందరిలాగే మూడు వెయ్యండి అయితే."

"మిగతా రెండూ ఎవరింటికో వెళ్తాయి. ఎవడో సోఫా మీద తగిలించుకుంటాడు. మీకు ఫర్వాలేదా?"

చూరు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. వంటగది గుమ్మంలో జగదీశ్వరి గరిటె పట్టుకుని, ఊపిరి పీల్చడం మానేసి నిలబడింది.

"ఫర్వా ఉందండి" అన్నాడు.

విశాలి మొహం ఎర్రబడింది. నలుపు తెలుపుల్లో అయితే తెలిసేది కాదు.

"మరి ఎలాగండీ?" అంది, నేలవైపు చూస్తూ.

ఉపేంద్రకి ఎలాగో తెలుసు. అరుగువైపు తిరిగాడు.

"మామ్మా, మీరైనా చెప్పండి."

జగ్గమ్మ చుట్ట తీసి, నిప్పు చూసుకుని, నుసి విదిలించింది.

"అది అమ్మదు. నువ్వు కొనలేవు. పెళ్ళి సేసీసుకోండి మరి. నాకు సీపురుపల్లి బస్సు ఎల్లిపోతన్నాది."