పిచ్చుక పాటకు వన్స్ మోర్

అసురసంధ్య!

ఆకాశం సీసంలా నల్లబడింది. మెరుపొకటి కత్తి దూసినట్టు వీధిని రెండుగా చీల్చి మాయమైంది... వెనకే గుండెలదిరే ఉరుము! నాటకశాల రేకుల కప్పు మీద వాలిన గుడ్లగూబ తల తిప్పి, కింద వరస కట్టిన జనాన్ని తీరిగ్గా చూస్తోంది... వీళ్ళలో ఇవాళ ఎవరి వంతు అన్నట్టు!

పేరుకే అది నాటకశాల. ఒకప్పుడు గిడ్డంగి. నాలుగు వరసల కుర్చీలు, చెక్కనేల, మోకాలెత్తు స్టేజీ. ముందు వరసలో కూర్చుని కాళ్ళు చాపితే స్టేజీకి తగులుతాయి. హీరోయిన్ పాడితే ఆమె ఊపిరి మొహానికి కొడుతుంది. అంత ఇరుకు చోట నెలల తరబడి ఒకే సంగీత నాటకం ఆడుతోంది. చూసినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చి చూస్తున్నారు.

"వచ్చావా టైలరమ్మా! నువ్వు కూర్చుంటే గానీ తెర లేపొద్దని హార్మోనియం మాస్టారి ఆర్డరు," అన్నాడు టిక్కెట్లు చింపే గేటు బాబాయి.

"మీరు చూడరా బాబాయ్?"

"చూడకేం! తలుపు సందులోంచి రోజూ చూస్తా. మీ పిన్నయితే నాకిక్కడ ఇంకో సంసారం ఉందనుకుంటోంది!" నవ్వబోయి దగ్గాడు. కళ్ళ కింద నల్లటి గుంటలు. "ఒక్కటే అంతుబట్టదమ్మా. ఆట అయ్యాక ఒంట్లో రక్తమంతా ఎవరో పిండేసినట్టుంటుంది. కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరతాం. మర్నాడు పొద్దు వాలేసరికి అందరం మళ్ళీ ఇక్కడే!"

టైలరమ్మ నవ్వలేదు. తనెందుకు వస్తోందో ఆమెకు తెలుసు.

ఈ నాటకంలో మొదటి హీరోయిన్ ఆమె కూతురే. సన్నటి ఒళ్ళు, బెదురు కళ్ళు... అందరూ పిచ్చుక అనేవారు. తల్లి కుట్టుమిషన్ పక్కనే పెరిగింది. పెడల్ చప్పుడే దానికి తాళం. తల్లి కాలు ఆడినంతసేపూ పాడేది. కాలు ఆగగానే పాట ఆపి, వంగి, గుడ్డ అంచున మిగిలిన దారాన్ని పుటుక్కున పళ్ళతో తెంపేది.

"కత్తెర చచ్చిందా? పళ్ళు అరిగిపోతాయే!" అని తల్లి ఎంత కసిరినా ఆ అలవాటు మాత్రం పోలేదు.

పొరుగూరి ప్రదర్శనకు వెళ్ళిన పిచ్చుక తిరిగి రాలేదు. గుండె ఆగిపోయిందని చెప్పి, ఓ కుండలో బూడిద తెచ్చి టైలరమ్మ చేతిలో పెట్టాడు నాటక సంఘం యజమాని హార్మోనియం మాస్టారు. పక్కన కూర్చుని ఏడ్చాడు కూడా! కొన్నాళ్ళకు కొత్త హీరోయిన్‌తో అదే నాటకం మొదలుపెట్టి, ముందు వరస నడిమి కుర్చీకి ఉచిత పాసు పంపించాడు.

మొదటిరోజు హార్మోనియం మోగగానే చెక్కనేల మీద టైలరమ్మ పాదం తనంతట తానే ఆడింది. పెదవులు కొత్తపిల్లవి... గొంతు పిచ్చుకది! పై స్వరానికి ఎగబోయే ముందు దొంగతనంగా లాక్కునే ఆ చిన్న ఊపిరి... అది ఇంకెవరిదవుతుంది? ఇక ఆ రోజునుంచి ఆమె లేని ఆట లేదు. పగలంతా కళ్ళకు కనిపించకుండా పోయిన కూతురు పొద్దువాలితే చెవికి దొరుకుతోంది. ఏ తల్లి మానుకుంటుంది?

"టైలరమ్మా! లోపలికి రమ్మంటున్నారు. హీరోయిన్ గౌను మళ్ళీ వదులైందట!" ఎవరో కేకేశారు.

వేషాల గదిలో మసకబారిన అద్దం ముందు కొత్తపిల్ల నిలబడి ఉంది. మెడ ఎముకలు గౌనులోంచి పొడుచుకొస్తున్నాయి.

"మొన్ననేగా బిగించాను? తిండి తినట్లేదా అమ్మాయ్?"

"గంపెడు తింటున్నా ఆంటీ. ఎటు పోతోందో!" కొత్తపిల్ల గొంతు తగ్గించింది. "ఒకటి చెప్తాను, పిచ్చిదాన్ననుకోరుగా? ఆ పాట నేను పాడట్లేదు. తెర లేచేదాకే నాకు గుర్తుంటుంది. ఆ తర్వాత నా నోట్లోకి ఎవరో..."

"భయపడకు. చెయ్యి కదపకు, సూది గుచ్చుకుంటుంది." టైలరమ్మ నేలమీద కూర్చుని గౌను చేతి అంచు కుడుతోంది. చేత్తో కుట్టినా కాలు ఆడటం ఆమె అలవాటు. చివరి కుట్టు వేసింది. కాలు ఆగింది.

కొత్తపిల్ల మాట గొంతులోనే తెగిపోయింది. కనుగుడ్లు పైకి తేలాయి. మెడ మెల్లగా వంగింది. మణికట్టు దగ్గర వేలాడుతున్న దారాన్ని పళ్ళతో పట్టుకుంది...

పుటుక్!

టైలరమ్మ చేతిలోంచి సూది జారిపోయింది.

"పిచ్చుకా...?"

"అమ్మా..." అదే గొంతు! "కాలిపోతున్నానమ్మా... నీ కాలు ఆడినంతసేపూ నేను పాడాలి... పాడినంతసేపూ మంటల్లో ఉంటాను... రోజూ ఎందుకొస్తావే నువ్వు?"

టైలరమ్మకు అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ తను కళ్ళు మూసుకుని మురిసిపోతూ విన్నది... కూతురు కాలుతున్న చప్పుడు!

దబ్బున తలుపు తెరుచుకుంది.

"తల్లీకూతుళ్ళ ముచ్చట్లకు అడ్డొచ్చానా?"

హార్మోనియం మాస్టారు! ఆమధ్య ముగ్గుబుట్టలా ఉన్న జుట్టు ఇప్పుడు కాకిరెక్కలా నిగనిగలాడుతోంది. చంకలో ఎర్రగుడ్డ కప్పిన పెట్టె. గుడ్డ తొలగించాడు. లోపల... నూనె మరకలతో నల్లబడిన చిన్న కపాలం!

"కుండలో బూడిద ఉంది, తల లేదు. కుట్టులో నూలుపోగు తప్పితే పట్టేసేదానివి, ఇంత తేడా ఎలా వదిలేశావమ్మా?"

"నువ్వే... చంపావా?"

"మానేస్తానంది. పెద్ద సంఘంలో చేరుతుందట! నువ్వు పోతే పో, గొంతు మాత్రం ఇక్కడ పెట్టి పో అన్నాను. వినలేదు." చొక్కా మడతలు సర్దుకున్నంత తేలిగ్గా చెప్పాడు. "చచ్చాకా మొండిదే! ఎన్ని హోమాలు చేసినా నోరు విప్పలేదు. నీ కాలు ఆడితే గానీ పాడదని తర్వాత తెలిసింది. అందుకే నీకు పాసు. ఈ పాట ఒకసారి విన్నవాడు మళ్ళీ రాకుండా ఉండలేడు. వచ్చిన ప్రతివాడి ఆయువులోంచి ఓ చుక్క నాకు! ఇవాళ అమావాస్య. ఇవాళ పాట ఆఖరి అక్షరం దాకా సాగితే ఇది శాశ్వతంగా నా బానిస. ఇక నీ కాలితో కూడా పనిలేదు."

"మరి ఈ పిల్ల?"

"తొడుగు చిరిగితే ఇంకోటి వస్తుంది."

టైలరమ్మ కత్తెర అందుకుని ఒక్క ఉదుటున అతని మీదికి దూకింది! మెడకు అంగుళం దూరంలో ఆమె చెయ్యి కొయ్యలా బిగుసుకుపోయింది. కత్తెర ఖంగుమని కింద పడింది.

మాస్టారు పకపకా నవ్వి కాలరు పక్కకు లాగాడు. మెడ చుట్టూ నల్లదారం... నరంలా కొట్టుకుంటోంది!

"ఇది ఉండగా కత్తి దిగదు. పగబట్టిన చెయ్యి, బతికిందైనా చచ్చిందైనా, నన్ను తాకలేదు. వెళ్ళిపోతావా? పో! కపాలానికి బండరాయి కట్టి మురుగ్గుంటలో వేస్తాను. ఆ చీకట్లో కల్పాంతం దాకా పడి ఉంటుంది. లేదంటే వచ్చి కుర్చీలో కూర్చో, దాని గొంతైనా వినొచ్చు. తల్లివి కదా, నీ ఇష్టం!"

అతని వెనకే తలుపు మూసుకుంది. పగబట్టిన చెయ్యి తాకలేదు... ఆ మాట టైలరమ్మ తలలో విరిగిన సూదిమొనలా ఉండిపోయింది. పగ లేకుండా చేసే పనులు మనిషికి ఎన్ని లేవు! ఆవలింత, కునుకు... అలవాటు!

ఆమె లేచి వెళ్ళి నడిమి కుర్చీలో కూర్చుంది.

తెర లేచింది.

కథ జనానికి నోటికొచ్చు. కళ్ళు పోయిన ముసలి వాద్యగాడు, అతని కూతురు. చివరి పాటలో కూతురు తండ్రి భుజం మీద తల వాల్చి పాడాలి. ఆ తండ్రి వేషం మాస్టారిదే! హార్మోనియం కింద ఎర్రగుడ్డ పెట్టె... దాని సందుల్లోంచి పొగ పాములా మెలికలు తిరుగుతూ ముందు వరస మీదికి పాకింది. బయట ఉరుములు! రేకుల మీద గుడ్లగూబ ఒకటే కూత!

హార్మోనియం మోగింది. టైలరమ్మ పాదం ఆడింది.

పిచ్చుక గొంతు ఆ ఇరుకు గదంతా నిండిపోయింది. జనం మత్తుగా ఊగుతున్నారు. గేటు బాబాయి తలుపుకు ఆనుకుని జారిపోయాడు. కొత్తపిల్ల ముక్కులోంచి నెత్తురు కారి గౌను మీద మొగ్గలేస్తోంది... ఆ గొంతు అడుగున, సన్నగా, కాలుతున్న ఆక్రందన! ఇన్నాళ్ళూ వినపడనిది ఇప్పుడు అదే వినపడుతోంది.

"వన్స్ మోర్!" ఆఖరి చరణం ఇంకా రాకముందే వెనక వరసలోంచి కేక.

"వన్స్ మోర్! వన్స్ మోర్!"

మాస్టారు టైలరమ్మ కళ్ళలోకి చూసి నవ్వాడు. మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. కపాలం కళ్ళ గుంటల్లో నిప్పురవ్వలు లేచాయి. కొత్తపిల్ల మోకాళ్ళ మీద కూలి, అతని భుజం మీద తల వాల్చింది. ఆఖరి చరణం! ఇక ఒక్క పాదం... ఒక్క పై స్వరం...

ఆపాలి. ఇప్పుడే ఆపాలి. కానీ కాలు ఆగితే ఈ గొంతు ఇక లేదు! ఆ దొంగ ఊపిరి ఒక్కసారి... ఒకే ఒక్కసారి విని ఆపేస్తే? కూతురు మంటల్లో ఉందని తెలిసీ తల్లి చెవి కక్కుర్తి పడింది. పాదం ఆడుతూనే ఉంది.

పిచ్చుక ఊపిరి లాక్కుంది.

టైలరమ్మ విన్నది. కళ్ళు తెరిచింది. కాలు ఆపింది.

పాట తెగిపోయింది!

హార్మోనియం మీద మాస్టారి వేళ్ళు కొయ్యబారాయి. "తొక్కు..." పళ్ళ మధ్యనుంచి బుస కొట్టాడు. "తొక్కవే ముసలిదానా!"

"కుట్టు అయిపోయిందమ్మా పిచ్చుకా," అంది టైలరమ్మ, ఇంట్లో అన్నట్టే మామూలుగా. "దారం తెంపు."

భుజం మీది తల కదిలింది. ఆ మొహంలో కోపం లేదు, పగ లేదు. పని మధ్యలో ఉన్న చిన్నపిల్ల నిర్లక్ష్యం... అంతే! మెడ వంగింది. పళ్ళు నల్లదారాన్ని పట్టుకున్నాయి.

పుటుక్!

"ఆఆఆ...!"

ఫెళఫెళమని పిడుగు! దీపాలన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి. దారం తెగిన చోటినుంచి మాస్టారి మెడ చుట్టూ ఎర్రటి గీత చీరుకుంటూ పోయింది. కాకిరెక్కలాంటి జుట్టు తెల్లబడి కుచ్చులు కుచ్చులుగా రాలింది. చెంపలు పీక్కుపోయాయి. దోచుకున్న ఆయువు ఎవరిది వారికి తిరిగిపోతుంటే, ఎముకల మీద చర్మం తడిగుడ్డ పిండినట్టు మెలితిరిగింది! పాక్కుంటూ వచ్చి టైలరమ్మ పాదాలు పట్టుకున్నాడు.

"అమ్మా... కాలు ఆడించు... నీ కాళ్ళు మొక్కుతా..."

ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుని కుర్చీ కింద పెట్టుకుంది.

కపాలంలోంచి సన్నటి గాలి వెలువడి ఆమె చెంప తాకింది. ఆ దొంగ ఊపిరే! తాకి, తలుపు సందులోంచి వానలోకి వెళ్ళిపోయింది. ఖాళీ అయిన ఆ కపాలపు గూటిలోకి మాస్టారి ప్రాణం అరుచుకుంటూ లాగబడింది. స్టేజీ అంచున మిగిలింది బట్టలు, ఎముకలు.

కొత్తపిల్ల పెదవులు తుడుచుకుని బిత్తరపోయి చూసింది. "ఏమైంది ఆంటీ?"

అంతే... చప్పట్లు! జనం కుర్చీలెక్కి ఈలలు వేస్తున్నారు. ఎన్నిసార్లు చూసినా ఇలాంటి ముగింపు ఎన్నడూ చూడలేదు మరి!

ఆ గోలలో టైలరమ్మ ఎర్రగుడ్డ పెట్టెను చంకలో పెట్టుకుని ఇంటికి నడిచింది.

నాటకం మూతపడింది. కొత్తపిల్ల ఒళ్ళు చేసిందని గౌనులు వదులు చేయించుకుంటోంది. ఓ మధ్యాహ్నం గేటు బాబాయి ప్యాంటు అంచు మడత వేయించుకోవడానికి వచ్చాడు. బుగ్గల్లో రంగు తేలింది, దగ్గు లేదు.

టైలరమ్మ పెడల్ తొక్కింది. మిషన్ అడుగున ఇనుప పట్టీతో బిగించిన పెట్టె ఒకటుంది. పెడల్ దిగినప్పుడల్లా దానికి కొట్టుకుంటోంది. కొట్టుకున్నప్పుడల్లా... కీ...చ్!

"ఇదేం చప్పుడు టైలరమ్మా! పీక పిసికినట్టు! కాస్త నూనె వెయ్యకూడదూ?"

"నూనె ఉంది బాబాయ్. వెయ్యను."

అంచు కుట్టడం అయిపోయింది. ఆమె కత్తెర తీసి, చక్కగా వేసిన కుట్టంతా మొదటినుంచి విప్పింది. గుడ్డ మళ్ళీ సూది కింద పెట్టింది.

"బాగానే ఉందిగా, మళ్ళీ ఎందుకు?" అని, బాబాయి చెవి ఒగ్గాడు. "అవునూ... ఇది ఎక్కడో విన్న గొంతులా లేదూ?"

టైలరమ్మ మొహంలో చాలాకాలానికి నవ్వు కనిపించింది. పాదం పెడల్ మీదికి వచ్చింది.

"వన్స్ మోర్ అనండి బాబాయ్. వినిపిస్తాను."