బిగుసుకోని బ్రేక్

షట్టర్ సగం ఎత్తి ఉంది. లోపల కుట్టుమిషన్ పక్కన టైలర్ బోర్లా పడి ఉన్నాడు. ప్రాణం లేదు.

"ఆయాసం ముదిరింది," అన్నాడు డాక్టర్. "అరగంట ముందు ఇన్‌హేలర్ అంది ఉంటే బతికేవాడు."

ఆ ఇన్‌హేలర్ టైలర్ తమ్ముడి చేతిలో ఉంది. మూడింటికి అన్న కొట్టు నుంచి ఇంటికి ఫోన్ చేశాడు. కాలికి కట్టుతో ఉన్న వదిన దగ్గర ఇన్‌హేలర్ తీసుకుని తమ్ముడు స్కూటర్ మీద బయల్దేరాడు. దారి పది నిమిషాలు. అతను చేరింది నాలుగుంబావుకి.

ఇన్‌స్పెక్టర్ అతన్ని ఎగాదిగా చూసింది. నలగని తెల్లచొక్కా. గొంతులో ఉన్న ఏడుపు కళ్లలో లేదు.

"ఇంతసేపు ఎక్కడున్నారు?"

"సిగ్నల్ దగ్గర పార్కింగ్ బ్రేక్ వేశాను మేడమ్. మళ్లీ వదల్లేదు. వెనక చక్రం బిగుసుకుపోయింది."

"ఆటో ఎక్కొచ్చుగా?"

"కంగారులో తోచలేదు."

"మరి ఎలా వదిలింది?"

"చక్రం దగ్గర బ్రేక్ నట్టు స్పానర్‌తో వదులు చేశాను. నాలుగు చుట్లు."

తడుముకోలేదు. బట్టీ పట్టినట్టు చెప్పాడు.

ఇన్‌స్పెక్టర్ బయటికి నడిచింది. స్కూటర్ స్టాండ్ వేసి, బ్రేక్ లివర్ లాగింది. చక్రం ఆగింది. వదిలింది. చక్రం హాయిగా తిరిగింది. పదిసార్లు చూసింది. ఒక్కసారీ పట్టెయ్యలేదు.

"ఇప్పుడు బాగైంది మేడమ్," అన్నాడు తమ్ముడు, వెనకే వచ్చి.

ఆమె టార్చ్ వేసి వంగింది.

"ఇలా రా. ఏమిటిది?"

మీరు కాస్తా నువ్వయింది.

"బ్రేక్ నట్టు."

"దానిమీద?"

నట్టునీ అది తిరిగే మరనీ కలిపి ఎప్పటిదో బురద ఎండి గడ్డ కట్టింది. చిన్న బీటైనా లేదు.

"నాలుగు చుట్లు తిప్పితే ఇది రాలిపోదూ? నీ చొక్కాకి ఒక్క మరకైనా అంటదూ? అబద్ధానికి కూడా ఒళ్లు వంచవన్నమాట. ఎక్కడ కూర్చున్నావ్?"

"పక్క వీధిలో... టీ కొట్టు దగ్గర."

"ఎందుకు?"

అతని మొహం ఎర్రబడింది. "కస్టమర్ల ముందు నన్ను పనికిమాలినవాడనేవాడు. కొట్టు తాళం కూడా ఇచ్చేవాడు కాదు. ఒక్కసారైనా నాకోసం అల్లాడాలనుకున్నా. చచ్చిపోతాడనుకోలేదు."

"టీ ఎన్ని తాగావ్?"

"రెండు."

ఇన్‌స్పెక్టర్ పెదవి విరిచింది. చంపే తెగువ లేదు. బతికించే మనసూ లేదు. ఇలాంటివాడి మీద కోపం కూడా దండగే.

"జీపెక్కించండి," అంది కానిస్టేబుల్‌తో.

కబురంది ఆటోలో వచ్చిన వదిన గోడ పట్టుకుని ముందుకొచ్చింది. మరిదిని కొట్టలేదు, తిట్టలేదు.

"మూడున్నరకి మళ్లీ ఫోన్ చేశారయ్యా మీ అన్న. మాట రావడం లేదు. నేను ఏడుస్తుంటే, 'భయపడకే, తమ్ముడొస్తున్నాడుగా' అన్నారు."

తమ్ముడు జీపు మెట్టు మీదే కూలబడ్డాడు. ఈసారి నిజంగానే ఏడ్చాడు. అటు ఎవరూ చూడలేదు.