కవచధారి చివరి డ్యూటీ

ఏజెంట్ జీవన్ కుమార్ శవం అవనిగడ్డ కాలువలో దొరికింది. ఆన్‌లైన్ గేమ్‌లో అతడు నడిపిన నైట్ యోధుడు, నల్ల కవచధారి, మాత్రం సజీవంగానే ఉన్నాడు.

మచిలీపట్నం సేఫ్ హౌస్‌లో చీఫ్ గోవర్ధనరావు అన్నాడు:

"ఆ గేమ్‌లోని మౌన సంఘం విదేశీ ముఠాకు ముసుగు. దివిసీమ నుంచి పేలుడు పదార్థాల బోటు బయలుదేరింది. హార్బర్‌లో పేల్చమనే కోడ్‌వర్డ్ ఇవాళ్టి సభలో సంఘం మాస్టర్ ఇస్తాడు. అక్కడ ఎవరు ఎవరో ఎవరికీ తెలియదు. నీ తమ్ముడి కవచంలో నువ్వు వెళ్ళాలి, కృపా."

"మాస్టర్ ఎవరు సార్?"

"ముఠాలో చేరి గుడివాడలో ఉన్న మన డబుల్ ఏజెంట్ రేవతికి కూడా తెలియదట."

టెక్నికల్ ఆఫీసర్ రషీద్ గొంతు తగ్గించాడు. "సభలో కత్తి దూస్తే సభ రద్దవుతుంది మేడమ్. మాస్టర్ బోటుకు ఫోన్ చెయ్యక తప్పదు. ఆ ఫోన్ నేను పట్టుకుంటా. కానీ సభలో కత్తి దూయనన్న శపథం తప్పిన నైట్‌ని గేమ్ శాశ్వతంగా తుడిచేస్తుందండీ."

కృపాకుమారి హెడ్‌సెట్ పెట్టుకుంది. లాగిన్ కాగానే కవచధారి తల వంచి పలికాడు.

"అమ్మా, భోంచేశావా?"

జీవన్ గొంతు. తల్లి కోసం సరదాగా రికార్డు చేసిన పలకరింపు. చల్లపల్లిలో ప్రేమమ్మ ప్రతి సాయంత్రం కొడుకు ట్యాబ్ తెరిచేది ఈ ఒక్క మాట కోసమే.

సభలో నైట్లందరూ మోకరిల్లారు. బంగారు కవచంలో మాస్టర్ లేచాడు.

"సోదరులారా, నేటి సంకేతం..."

కృపాకుమారి మీట నొక్కింది. కవచధారి కత్తి దూశాడు.

సభ చీకటైంది. అతని కవచం, కత్తి, గొంతు ఒక్కొక్కటిగా చెరిగిపోయాయి.

"ఫోన్ దొరికింది! కట్ చేశా!" రషీద్ అరిచాడు. "గుడివాడ నుంచి... సార్, ఇది రేవతి మేడమ్ నంబరండీ!"

గోవర్ధనరావు ముఖం పాలిపోయింది. జీవన్ బస ఎక్కడో ఆమెకు చెప్పింది అతడే.

హార్బర్ ముఖద్వారంలో మెరైన్ పోలీసులు బోటును చుట్టుముట్టారు. గుడివాడ లాడ్జి మెట్ల మీద, పట్టుచీర కుచ్చెళ్ళు సర్దుకుంటున్న రేవతి చేతులకు బేడీలు పడ్డాయి.

కృపాకుమారి ఫోన్ మోగింది. చల్లపల్లి నుంచి తల్లి.

"ఏమే, ట్యాబ్‌లో వాడు పలకట్లేదేంటి?"

"డ్యూటీలో ఉన్నాడమ్మా."

"అబద్ధాలాడటం నీ ఉద్యోగం. నా దగ్గర చెయ్యకు." ప్రేమమ్మ ఊపిరి బరువుగా వినిపించింది. "వాణ్ణి చంపినవాళ్ళు దొరికారా?"

"దొరికారమ్మా. వదలను."



"సరే," అంది ప్రేమమ్మ. "భోంచేశావా?"