పేల్చేస్తారంటే లైను కట్

"పని చిన్నదే," అన్నాడు చీఫ్. ప్రాణం మీదికి వచ్చే పనులన్నిటికీ ఆయన మాట అదే. "శత్రువుల ముఠా ఇవాళ ఏదో పేలుస్తోంది. ఏదన్నది సిల్కు చెబుతుంది. తెలియగానే నాకు ఫోన్ కొట్టు."

"ఆవిడ మన మనిషేనా సార్?"

"సగం."

పిల్లి అనే ఆ ఏజెంటు పెట్టుడు గడ్డం తగిలించుకుని రైల్వే క్యాంటీన్ చేరాడు. గడ్డు కాలానికి గడ్డమే దిక్కు. నల్లకళ్ళద్దాల సిల్కు లిప్‌స్టిక్ దిద్దుకుంటూ గుసగుసలాడింది.

"వంతెన మూడో స్తంభం కింద బాంబు. సైనికుల రైలు బయల్దేరిపోయింది."

"నిజమేనా?"

"ఎవరికి ఏ అబద్ధం చెప్పానో గుర్తుపెట్టుకోలేక చస్తున్నా. ఇది నిజమే."

ఆ రైలు డ్రైవరు పిల్లికి సొంత బావమరిది.

ఫోన్ బూత్‌లోకి ఉరికాడు. "చీఫ్, వంతెన పేల్—"

టక్. లైను కట్.

మళ్ళీ చేశాడు. "కూల్—" టక్.

మూడోసారి ఆపరేటరే పలికింది. "అన్నయ్యా, యుద్ధకాలం. ఆ మాటలు వినబడితే లైను పీకెయ్యమని చట్టం."

"అమ్మా, నేను పేల్చేవాణ్ణి కాదు, ఆపే—"

"మొదటి ముక్క విన్నాక రెండోది వినే రూల్ లేదన్నయ్యా." టక్.

స్టేషన్ మాస్టర్ గదిలోకి దూసుకెళ్ళాడు. "రైలు ఆపండి!"

"కారణం?" అని, పిల్లి నోరు తెరిచేలోగా ఆయనే చెవులు మూసుకున్నాడు. "వద్దు బాబూ! ఆ మాట స్టేషన్‌లో వినబడితే సిగ్నళ్ళన్నీ ఎర్రబెట్టి, వంతెనతో సహా గాలించాలి. ఎంత చాకిరీ!"

లైను తెగింది గాని, పిల్లికి తెగింపు వచ్చింది. ప్లాట్‌ఫారం బెంచీ ఎక్కాడు.

"వంతెన పేల్చెయ్యండి! మూడో స్తంభం! ఇప్పుడే!"

విజిళ్ళు. లాఠీలు. గడ్డం ఒక పోలీసు చేతికొచ్చింది, పిల్లి నలుగురి చేతికి చిక్కాడు. సిగ్నళ్ళు ఎర్రబడ్డాయి. రైలు వంతెన అంచున కీచుమంటూ ఆగింది. స్తంభం కింద బాంబూ, దాని పక్కనే ముఠా దొరికాయి.

లాకప్‌కు చీఫ్ వచ్చాడు. "వాళ్ళు నోరు విప్పలేదు. కేసు నానుతుంది. నీది తేలిక, ప్లాట్‌ఫారం నిండా సాక్షులే."

"నేను మీ ఏజెంట్‌నని చెప్పండి సార్!"

"అది చెప్పకూడదని ఇంకో చట్టముంది."

ఆయన వెళ్ళగానే బావమరిది ఊగిపోతూ వచ్చాడు. "బావా, నా ప్రాణం కాపాడావని అక్క ఏడుస్తోంది. ఆఫీసువాళ్ళేమో రైలు లేటని నాకు మెమో ఇచ్చారు! ఆ ఆఫీసునే పేల్చిపారెయ్యాలి!"

వార్డరు విజిలేశాడు.

తలుపు తెరుచుకుని మూసుకుంది. పిల్లి బల్ల మీద కాస్త పక్కకు జరిగాడు.

"కూర్చో బామ్మర్దీ. దేశం మొత్తం మీద మనసులో మాట పైకి అనడానికి ఇదొక్కటే చోటు."